తొక్కని హద్దు

నైరుతి గాలి, 31వ రోజు

పొద్దున్నే పాదాలకు వేపనూనె రాసుకున్నాను. ఇది సింగారం కాదు, వృత్తిధర్మం. వకీలుకు నోరు ముఖ్యమని పూర్వం అనుకునేవాళ్ళట. మా నిలకడలంకలో పాదాలే ముఖ్యం.

ఇవాళ ఏడో వరసలో అన్నదమ్ముల పంపకం. దస్తావేజు మా ఆఫీసులోని లేఖరి యంత్రం అరనిమిషంలో రాసి పెట్టింది. మరి నేనెందుకంటే, తొక్కడానికి. చెప్పులు విడిచి ఇంటి నాలుగు హద్దుల వెంబడీ నడిచాను. ప్రతి హద్దు దగ్గరా ఆగి పక్కింటివాళ్ళను ఇంటిపేరుతో సహా పిలిచాను. వాళ్ళు గుమ్మంలోకి వచ్చి "ఔనండి" అన్నారు. నాలుగు వైపులా ఔనన్నాక కాగితం మీద "హద్దు తొక్కితిని" అని రాసి సంతకం పెట్టాను.

"ఎండలో ఆ కాళ్ళు కాల్చుకోడం ఎందుకండీ, అదేదో యంత్రం పైనుంచి సూసేత్తాదంట కదండీ" అంది తమ్ముడి భార్య జాలిగా.

"దానికి కాళ్ళు లేవమ్మా" అన్నాను.

తొక్కక తప్పదు మరి. మా ఊరు నీళ్ళ మీద తేలుతుంది. ఇల్లు ఒక్కింటికి అడుగున తేలే పంటు ఒకటి. పంటుకు పంటు గొలుసులతో కలిపి, మొత్తం ఊరిని ఒకే పెద్ద లంగరుకు కట్టారు. గాలి మారితే ఊరంతా తిరుగుతుంది గనక మా కాగితాల్లో తూర్పు పడమరలు ఉండవు. లంగరు వైపు, తోక వైపు, కుడి, ఎడమ అని ఉంటాయి. ఇవాళ మన పక్కనున్న ఇల్లు ఎల్లుండికి వేరే వరసలోకి జరగొచ్చు. అందుకే ఇక్కడ కంటికి కనిపించేది సాక్ష్యం కాదు, తొక్కిన కాగితమే సాక్ష్యం. నలభై ఏళ్ళుగా మట్టపర్తి సుగుణావతి తొక్కిన కాగితం మీద ఒక్క తగాదా రాలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానా? చెప్పుకుంటున్నాను. రోజూ దినచర్య రాయమని బార్ వాళ్ళే నియమం పెట్టారు, చదివితే చదవనీ.

మధ్యాహ్నం మా జూనియర్ ఎస్తేరు ఒక వార్త తెచ్చింది. లంగరు అరిగిపోయిందట. తుఫానుల కాలం వచ్చేలోగా నలభై ఇళ్ళ బరువు తగ్గించాలని లంగరు బోర్డు తీర్మానం చేసింది. కాగితంలో ఏదో ఒక వైపు సముద్రం హద్దుగా ఉన్న ఇళ్ళను 46వ రోజున గొలుసు విప్పి, దక్షిణాన కడుతున్న కొత్త ఊరికి లాక్కెళ్తారు. అక్కడికి పోవాలంటే రెండు రోజుల ప్రయాణం. అంచున ఉన్నవాళ్ళను తలుచుకుంటే బాధేసింది. కానీ ఎవరో ఒకరు వెళ్ళక తప్పదు.

33వ రోజు

ఓలేటి ధనకొండ బోర్డు నోటీసు పట్టుకుని వచ్చింది. పన్నెండో వరసలో వలలు అల్లే మనిషి. భర్త వేట పడవ మీద నెలకు ఇరవై రోజులు ఉండడు. ఇద్దరు ఆడపిల్లలు. మనిషి పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం రేవు దాకా వినిపిస్తుంది.

"లాయరమ్మగారూ, నా ఇల్లు ఇప్పేత్తారంటండి! నాకు సముద్రం ఎక్కడండీ? ఇటేపు సంగానోళ్ళు, అటేపు మా ఆడపడుచు. మద్దిలో ఉన్నదాన్ని అంచునున్నానంటారేటండీ?"

నేను నవ్వాను. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. "బోర్డు వాళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయి, నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళి వల అల్లుకో" అన్నాను.

"వల అల్లాలంటే పదకొండిళ్ళ మీద పరవాలండి. నా ఒక్కదాన్నీ ఎత్తుకెళ్ళి అక్కడెక్కడో పడేత్తే దేనిమీద పరుత్తానండి? వరసతోటే మా బతుకు" అంది, ఈసారి గొంతు తగ్గించి.

ఆవిడ వెళ్ళాక ఎస్తేరు ఆ ఇంటి కాగితం తీసింది. మావగారు పోయాక ఇల్లు ధనకొండ పేరుకు మార్చిన దస్తావేజు, పోయిన ఈశాన్య గాలి 112వ రోజుది. లంగరు వైపు దారి. తోక వైపు దారి. కుడి, ఆడపడుచు ఇల్లు. ఎడమ, సముద్రం.

కింద "హద్దు తొక్కితిని" అని ఉంది. అక్షరాలు నావే, సంతకం నాదే.

34వ రోజు

పొద్దున్నే బోర్డుకు వెళ్ళాను. అక్కడి అధికారి లేచి నిలబడి కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. విషయం చెప్పగానే చెవులు మూసుకున్నంత పని చేశాడు.

"ఎంత మాటండీ మేడమ్! మీరు తొక్కిన కాగితం తప్పవడమేంటండీ? ఆ సంగాని వాళ్ళే తర్వాత ఎప్పుడో చెప్పాపెట్టకుండా జరిగి వచ్చి అక్కడ గొలుసు కలిపేసుకుని ఉంటారు. వాళ్ళ మీదా నోటీసు పంపుతాం."

"సంగాని వాళ్ళు ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నారండి."

"కాగితంలో లేదు కదండీ. మీ సంతకం కాదని మిమ్మల్నే నమ్మమంటే ఎలాగండీ?"

సవరణ పత్రం ఇస్తానన్నాను. జాబితా వెలువడ్డాక ఇచ్చిన సవరణ వచ్చే ఏడు గాని చెల్లదట. ఆ నియమం పెట్టమని బోర్డుకు సలహా ఇచ్చిన ముగ్గురు వకీళ్ళలో నేనొకదాన్ని. మజ్జిగ తాగకుండానే వచ్చేశాను.

ఆఫీసుకు వచ్చి లేఖరిని అడిగాను. "112వ రోజున ఓలేటి వారి ఎడమ వైపు ఏం చూశావు?"

"నీళ్ళు" అంది.

"ఇంకేం లేవా?"

"నాలుగు గొలుసులు వేలాడుతున్నాయి. వాటికి ఎర్ర చీటీ కట్టి ఉంది."

ఎర్ర చీటీ అంటే ఊళ్ళో మూడేళ్ళ పిల్లకైనా తెలుసు. పంటు అడుగున పట్టిన నత్తలు గీకించుకోవడానికి ఇంటిని రేవుకు తీసుకెళ్ళారని, వారంలో తిరిగి వస్తారని అర్థం. సంగాని వాళ్ళ ఇల్లు ఆ రోజున గీకుడు రేవులో ఉంది.

"మరి సముద్రం అని ఎందుకు రాశావే?" అని అరిచాను.

"హద్దు ఏమిటని మీరు అడిగారు, నీళ్ళున్నాయి గనక సముద్రం అని రాశాను. చీటీ సంగతి సంతకానికి ముందు చూడవలసిన గమనికలో పెట్టాను. గమనిక మీరు తెరవలేదు."

దాన్ని తిట్టి లాభం లేదు. అది చూసింది చూసినట్టే చెప్పింది. చూడాల్సినదాన్ని నేను. అక్కడికి నడిచి వెళ్ళి ఎడమ హద్దున నిలబడి ఉంటే ఆ చీటీ నా ముక్కుకు తగిలేది.

ఆ రోజున నేనెక్కడున్నానో గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేదు. ఫొటో మా ఆఫీసు గోడ మీదే ఉంది. నా నలభై ఏళ్ళ వృత్తికి బార్ వాళ్ళు చేసిన సన్మానం. "ఏనాడూ హద్దు తొక్కకుండా సంతకం పెట్టని వకీలు" అని సన్మానపత్రంలో రాసి చదివారు. వేదిక మీద కూర్చుని, మెడలో దండలతో, ధనకొండ కాగితం ఇవాళే కావాలందని గుర్తొచ్చి, లేఖరి పంపిన దాని మీద అక్కడికక్కడే సంతకం పెట్టాను. పక్కన చప్పట్లు మోగుతూనే ఉన్నాయి.

ఎస్తేరుకు అంతా చెప్పాను. ఆరేళ్ళుగా నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల, నా ముఖం చూడకుండా నియమాల పుస్తకం తీసింది. ఒక పేజీ మీద వేలు పెట్టి చెప్పింది.

"ఒక్కటే దారుంది మేడమ్. వకీలు అసలు తొక్కలేదని క్రమశిక్షణ సంఘం తేల్చి, సన్నదు నిలిపేస్తే ఆ కాగితం పుట్టనట్టే లెక్క. అంతకు ముందున్న మావగారి నాటి కాగితం బతుకుతుంది. అందులో ఎడమ వైపు సంగాని వారని ఉంది."

"మందలించి వదిలేస్తే?"

"కాగితం అలాగే ఉంటుంది మేడమ్."

సన్నదు పోతే నల్లకోటు వేసుకునే వీల్లేదు, కాగితం మీద సంతకం పెట్టే వీల్లేదు. నలభై ఏళ్ళలో నాకు వేరే పనీ రాలేదు, వేరే సరదా కూడా లేదు. అయినా ఫిర్యాదు కాగితం నేనే అడిగి తెప్పించుకున్నాను. ఫిర్యాదుదారు పేరు: మట్టపర్తి సుగుణావతి. ఎవరి మీద: మట్టపర్తి సుగుణావతి.

36వ రోజు

క్రమశిక్షణ సంఘం అధ్యక్షుడు కలిదిండి విజయరామరాజు గారు మా ఇంటికే వచ్చారు. నా కంటే రెండేళ్ళు సీనియర్. ఆ రోజున నాకు శాలువా కప్పింది కూడా ఆయనే.

"సుగుణావతి గారూ, ఏమిటండీ ఈ చోద్యం? ఏదో యంత్రం పొరపాటు. మందలింపని ఒక ముక్క రాసి పడేస్తాం. మీ సన్నదు జోలికి మేమెందుకు వస్తామండీ?"

"ముక్క రాస్తే ధనకొండ ఇల్లు ఆగదండి."

"ఆవిడకి కొత్త ఊళ్ళో మంచి చోటు చూపించమని నేను చెప్తానండి. ఆలోచించండి. మీ సంతకమే తప్పని మేం తేలిస్తే ఊళ్ళో ఎవరి కాగితాన్ని ఎవరు నమ్ముతారు? కంచే చేను మేసిందంటారు. శాలువా కప్పిన మా పరువేం కావాలి?"

ఆయన బాధ నాకు అర్థమైంది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. "మంచి శాలువానేనండి, చలికాలంలో కప్పుకుంటున్నాను. విచారణ తేదీ చెప్పండి" అన్నాను.

41వ రోజున పెట్టారు. నా తరఫున వకీలును కూడా సంఘమే నియమించింది, ఎస్తేరును. అంటే ఎస్తేరు నన్ను కాపాడాలి, నేను నన్ను ఓడించాలి. సంఘం పంపిన ఉత్తర్వు చదివి ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది.

"కావాలని చేతకానట్టు వాదిస్తాను మేడమ్" అంది.

"అలా వాదించావంటే నీ మీద కూడా ఫిర్యాదు రాస్తాను. క్లయింటును సరిగ్గా కాపాడని జూనియర్‌ను నేను తయారుచేయలేదు" అన్నాను.

39వ రోజు

ఎస్తేరు ఆఫీసుకు రావడం మానేసింది. ఎదురుపక్షం కదా, నాతో మాట్లాడకూడదు. గ్రంథాలయంలో కూర్చుంటోందట. మంచిదే. నేను ఒంటరిగా నా మీద కేసు తయారుచేసుకుంటున్నాను. సన్మానం ఫొటో గోడ మీంచి తీసి, వెనక అట్ట ఊడదీసి సాక్ష్యాల్లో పెట్టాను. ఫొటో వెనక రాసిన గడియ, సంతకం పెట్టిన గడియ ఒకటే. వేదిక నుంచి పన్నెండో వరసకు నా నడకన ఇరవై రెండు నిమిషాలు. మూడుసార్లు నడిచి చూశాను. మూడోసారి ధనకొండ చూసి మజ్జిగ ఇచ్చింది, ఈసారి తాగాను.

"అయిద్దంటారా అండీ?" అని అడిగింది.

"గట్టి కేసే" అన్నాను. ఎవరి మీద అన్నది చెప్పలేదు. విచారణ పూర్తయ్యేదాకా బయట చెప్పకూడదని నియమం.

41వ రోజు

విచారణ. గదిలో సంఘం సభ్యులు ముగ్గురు, ఎస్తేరు, నేను. ధనకొండ మెట్ల మీద కూర్చుంది.

ముందు సాక్షి బోను ఎక్కి ప్రమాణం చేశాను. తర్వాత దిగి వకీలు చోట నిలబడి, ఖాళీ బోనును ప్రశ్న అడిగాను. మళ్ళీ ఎక్కి జవాబు చెప్పాను. నాలుగోసారికి మోకాళ్ళు పట్టేస్తే రాజు గారు "అక్కడే నిలబడి రెండూ కానివ్వండి" అన్నారు. నవ్వలేదు పాపం, మీసం సవరించుకున్నారు.

ఎస్తేరు లేచింది. ఆ పిల్ల వాదన గురించి ఇక్కడ రాయకపోతే నేను మనిషిని కాను. సన్మానపత్రం తీసి సంఘం ముందు పెట్టింది.

"ఆ రోజు, ఆ గంటకు మా క్లయింటును వేదిక మీదకు పిలిచింది ఎవరండీ? ఈ బార్. ఒక చేత్తో శాలువా కప్పి, ఇంకో చేత్తో 'నువ్వు ఇక్కడెందుకున్నావు, పన్నెండో వరసలో ఎందుకు లేవు' అని అడిగితే న్యాయమేనా అండీ? నలభై ఏళ్ళలో నాలుగు వేల పైచిలుకు కాగితాలకు హద్దులు తొక్కిన మనిషి. ఒక్కటి తప్పింది. దానికి మందలింపు చాలదా అండీ?"

సభ్యులు ముగ్గురూ తలలూపారు. ముగ్గురూ! నా గుండె జారిపోయింది. అదే క్షణంలో గర్వంతో ఊపిరాడలేదు. నాలుగేళ్ళ కిందట ఈ పిల్లకు మైకు ముందు గొంతు పెగిలేది కాదు. ఇవాళ నేను ఓడిపోయేటట్టున్నాను. అంటే నేను గెలిచేటట్టున్నానన్నమాట. అలా జరిగితే ధనకొండ ఇల్లు పోతుంది.

నీళ్ళు తాగి లేచాను.

"అయ్యా, ఎనిమిదేళ్ళ కిందట ఇదే గదిలో ఒక వకీలు సన్నదును రెండేళ్ళు నిలిపేశారు. ఆయన తొక్కనిది కూడా ఒకే ఒక్క హద్దు. ఆ రోజున ఆయనకు నూటమూడు జ్వరం. లేవలేక లేఖరిని నమ్మి మంచం మీదే సంతకం పెట్టాడు. అప్పుడు సంఘంలో ఇద్దరు మందలింపు చాలన్నారు. ఒక్క సభ్యురాలు ఒప్పుకోలేదు. జ్వరం వస్తే సంతకం ఆపుకోవచ్చు, తొక్కలేదని చెప్పి రేపటికి వాయిదా వేయవచ్చు, తొక్కితినని రాయకూడదు అని ఆవిడ తీర్పు రాసింది. అది పొరపాటు కాదు, అబద్ధం అని రాసింది. మిగతా ఇద్దరూ చివరికి దాని మీదే సంతకాలు పెట్టారు. ఆ సభ్యురాలిని నేనే. జ్వరానికి ఇవ్వని మినహాయింపు శాలువాకు ఇస్తారా?"

ఆ తీర్పు మీద రెండో సంతకం రాజు గారిదే.

"పరువు పోతుందంటున్నారు. నేను తొక్కానని నమ్మి బోర్డు ఆ ఇంటికి నోటీసిచ్చింది. ఊరంతా కళ్ళారా చూస్తూనే, ఆవిడ అంచున ఉందని ఒప్పుకుంటోంది, నా సంతకం ఉందని. నా పేరు మంచిదయ్యేకొద్దీ ఆవిడకు ఇల్లు లేకుండా పోతోంది. ఆ పేరు నాకొద్దండి. గమనిక తెరవలేదు. మనిషిని పంపలేదు. నేను వెళ్ళలేదు. వెళ్ళానని రాశాను. ఇంతకంటే స్పష్టంగా ఏ ముద్దాయీ ఈ గదిలో ఒప్పుకుని ఉండడు."

తొక్కితిని అని రాసిన ఆ చేయిని చూస్తే నాకే అసహ్యం వేస్తోందని, అయినా ఆ చేతికి శిక్ష వేయమని అడిగే ధైర్యం ఉన్నందుకు సంతోషంగా ఉందని రెండూ చెప్పాను.

ఎస్తేరు చివరి మాటకు లేచి, "ఇంక చెప్పేదేమీ లేదండి" అని కూర్చుంది. అది కూడా నేర్పాను. గెలవని చోట ఎక్కువ మాట్లాడకూడదు.

42వ రోజు

తీర్పు పది గంటలకు చదివారు. రాజు గారు స్వయంగా చదివారు, గొంతు సరిచేసుకుంటూ. సన్నదు రెండేళ్ళు నిలుపుదల. 112వ రోజు దస్తావేజు పుట్టనట్టే. పోయిన ఏడాదిలో నేను సంతకం పెట్టిన నూటపద్దెనిమిది కాగితాల హద్దులూ మళ్ళీ తొక్కించాలి. తొక్కే వకీలు, నేలపూడి ఎస్తేరు. వెంట నడిచి ఇళ్ళు చూపించాల్సింది నేను, నోరెత్తకుండా.

నకలు అప్పటికప్పుడే బోర్డుకు పంపారు. నేను బయటికి వచ్చేసరికి జాబితాలోంచి ధనకొండ ఇల్లు కొట్టేశారని కబురు వచ్చింది.

ధనకొండ మెట్ల మీద నుంచి లేచి పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఇల్లు నిలబడిందని అప్పటికే తెలిసిపోయింది. నవ్వుతూ, నా ఒంటి మీద నల్లకోటు లేకపోవడం చూసి ఆగిపోయింది. లోపలి నుంచి వచ్చినవాళ్ళెవరో సన్నదు సంగతి ఆవిడ చెవిన వేశారు.

"నా ఇంటి కోసం మీ సన్నదు పోయిందా అండీ? అయ్యో అయ్యో! మీ మీద వాదించినోడు ఎవడండీ? ఆడి నోట్లో మన్నుబడ! అంత పెద్ద మనిషిని పట్టుకుని నిలువునా ముంచడానికి ఆడికి నోరెలా వచ్చిందండీ? ఆడి నాలిక పురుగులు పడిపోనూ!"

రేవు దాకా వినిపించే గొంతు. వీధంతా ఆగి చూస్తోంది. ఎస్తేరు నా వెనక నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తిట్టకమ్మా ధనకొండా" అన్నాను. "ఈ ఊళ్ళో అంతకంటే గట్టి వకీలు లేదు. ఎదుటివాళ్ళ వాదన విని సంఘం ముగ్గురూ తలలూపేశారు. అక్కణ్ణించి మొత్తం కేసు తిప్పేసింది. నలభై ఏళ్ళలో అలాంటి వాదన నేను వినలేదు."

"ఎవరండీ ఆవిడ?" అంది ధనకొండ, చేయి ఇంకా తిట్టడానికి ఎత్తే ఉంచి.

"నేనే" అన్నాను.